మెరవణి కారుకు బ్రేకులు

మా ఇంట్లో ఒక పాత కారు ఉంది. దాని వయసెంతో నాకు తెలియదు, మా నాయనకూ సరిగ్గా తెలిసి ఉండదు. గుంతకల్లులో ఒక నూనె మిల్లు ఆసామి షెడ్డులో పడి ఉండి, దాని సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టుకుంటూ ఉండగా, నాయన దాన్ని పాత ఇనుము కింద కొని లారీ వెనక తాడు కట్టి ఊరికి లాక్కొచ్చాడు. ఇంగ్లీషు దొరల కాలం నాటిది. నల్లటి ఒళ్లు, గుడ్లు మిటకరించిన దీపాలు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు. నాయన దాన్ని బాగు చేయించి పెళ్లి మెరవణికి తిప్పడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఇప్పటి దాకా అది చేసిన పని అదొక్కటే. ఉరవకొండకూ బెళుగుప్పకూ నడుమ పల్లెల్లో తండ్రీ కొడుకూ ఇద్దరూ ఇదే కారులో ఊరేగిన ఇళ్లు చాలా ఉన్నాయి.

దానికి బ్రేకులు లేవు. లేవంటే, ఉన్నాయి గానీ పట్టవు. పెడలు తొక్కితే కింద కడ్డీలు కదులుతాయి, గలగలమని చప్పుడవుతుంది, బండి మాత్రం తన దారిన తాను పోతూనే ఉంటుంది. చేతి బ్రేకు కూడా చక్రాల లోపల అవే బ్రేకు షూలను తోసేది కాబట్టి దాని బతుకూ అంతే. నేనేమో అనంతపురంలో లారీల బ్రేకులు విప్పి బిగించి సంసారం ఈదినవాణ్ని. "ఊరందరి బండ్లకూ బ్రేకులు చేస్తావు, మీ ఇంట్ల కారుకు లేదేమప్పా?" అని నన్ను ఎగతాళి చెయ్యనివాడు లేడు. మెరవణి కారు మనిషి నడిచే వేగం దాటదు, దాని బ్రేకు దాని పక్కనే నడుస్తుంది, పని చూసుకో పో, అనేవాణ్ని.

ఆ పక్కన నడిచే బ్రేకు మా చిన్నాయన. నాయనకు సొంత తమ్ముడు. ఆయన చేతిలో ఒక తుమ్మ కట్టె ఉంటుంది. ఒక పక్క ఏటవాలుగా చెక్కి, ఇంకో పక్క పట్టుకోవడానికి వీలుగా తాడు కట్టి ఉంటుంది. మెరవణిలో ప్రతి ఇంటి ముందూ కారు ఆగాలి. ఆ ఇంటి ఆడవాళ్లు హారతి ఇవ్వాలి, పిల్లలు చిందులెయ్యాలి, ఇప్పుడైతే సెల్‌ఫోన్లలో ఫోటోలు తీసుకోవాలి. చదునుగా ఉన్నచోట క్లచ్చి తొక్కితే బండి తనంతట తానే ఆగుతుంది. పల్లం వస్తే నేను "ఊఁ" అంటాను. చిన్నాయన వంగి వెనక చక్రం ముందు కట్టె పెడతాడు. బండి కట్టెను ఆనుకుని నిలబడుతుంది. మళ్లీ కదలాల్సినప్పుడు కొంచెం వెనక్కి తోయించి, తాడు పట్టి కట్టె లాగేస్తాడు. నాయన ఉన్నప్పుడు నాయన "ఊఁ" అనేవాడు, ఆయన పోయాక నేను అంటున్నాను. కట్టె పట్టే చెయ్యి మాత్రం మారలేదు.

పల్లెల్లో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. "ఏమప్పా బ్రేకూ, వచ్చినావా?" అంటారు. ఆయనకు అది బిరుదు. మెరవణి అయ్యాక ముందు విస్తరి ఆయనకే వేస్తారు. పెళ్లివాళ్లు ఆకూ వక్కా పెట్టి ఒక కొత్త తువ్వాల ఇస్తారు. ఆయన ట్రంకు పెట్టె నిండా మడత విప్పని తువ్వాలలే. ఆ ఇంట్లో ఇంకెవరికీ వాటిని ముట్టుకునే హక్కు లేదు.

బెళుగుప్ప అవతల ఒక పల్లెలో, ఎత్తు మీద ఇంటి నుంచి దిగుతున్నాం. నేను "ఊఁ" అన్నాను. చిన్నాయన వంగాడు. మోకాలు పట్టు తప్పింది. మనిషి పక్కకు ఒరిగి, కట్టె పట్టుకున్న చెయ్యి చక్రం ముందుకు పోయింది. నేను స్టీరింగు వదిలి పక్కకు వంగి చూశాను గానీ చెయ్యగలిగిందేమీ లేదు. ఎట్లా లాక్కున్నాడో లాక్కున్నాడు. భుజం మీది తువ్వాల మాత్రం చక్రం కింద ఇరుక్కుపోయింది. చక్రం కట్టె మీదికి సగం ఎక్కి ఆగింది. డప్పుల హోరులో ఎవరూ గమనించలేదు. బండి వెనక్కి తోయించి, ఆ తువ్వాల దులిపి తలకు చుట్టుకుని, "నడుపు నడుపు" అన్నాడు నాతో, ఏమీ జరగనట్టు.

భయం వేస్తే నాకు కోపం వస్తుంది, అది నా రోగం. ఇంటికి వచ్చాక గుక్క తిప్పుకోకుండా తిట్టాను.

"ఈ కారుకు బ్రేకులు చేస్తాండా. నువ్వింక కట్టె ముట్టుకోవద్దు."

"నేనుండంగా దానికి బ్రేకులెందుకురా?"

"నీ చెయ్యి నుజ్జయి పోతాది చిన్నాయనా!"

"పోతే నా చెయ్యే కదా. నీదేం పోతాది?"

అట్లా మాట్లాడితే ఏం చెప్పాలి ఆ మనిషికి? ఆయనకు ఒక్కతే మనవరాలు. అనంతపురంలో బ్యాంకులో పని చేస్తుంది. మాఘమాసానికి ఆ పిల్ల పెళ్లి కుదిరింది. మా ఊళ్లో పెళ్లి మెరవణి మిట్ట మీది ఆంజనేయస్వామి గుడి దగ్గర మొదలై ఇంటిదాకా దిగుతుంది. చుట్టుపక్కల ఏ ఊళ్లోనూ అంత నిటారు పల్లం లేదు. "నా మనవరాలిని నా చేత్తోనే దింపుతా. అది అయినాక నువ్వు బ్రేకులే పెట్టుకుంటావో, రెక్కలే పెట్టుకుంటావో నాకు తెల్దు," అన్నాడు చిన్నాయన. నాకు కావలసింది ఒక్కటే. ఆ పల్లంలో ఆయన చెయ్యి చక్రం కిందికి పోకూడదు. ఆయన ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా నేను కారు విప్పాలని నిశ్చయించుకున్నాను.

వేరుశనగ పంట పీకడం అయిపోయి ఊరు కాస్త తీరికగా ఉన్న రోజుల్లో కారును పశువుల కొట్టంలోకి తోసి, నాలుగు చక్రాలూ లేపి దిమ్మెల మీద నిలబెట్టాను. చిన్నాయన కట్టె పక్కన పెట్టుకుని గడప మీద కూర్చున్నాడు. సాయం చెయ్యడానికి కాదు, నన్ను ఆడిపోసుకోవడానికి.

ఈ కాలపు బండ్లలో పెడలు తొక్కితే నూనె పైపుల గుండా పోయి బ్రేకు పడుతుంది. ఇందులో అవేమీ లేవు. అంతా ఇనుప కడ్డీలే. పెడలు ఒక అడ్డ ఇరుసును తిప్పుతుంది, ఆ ఇరుసు నుంచి నాలుగు చక్రాలకు నాలుగు కడ్డీలు పోతాయి. ప్రతి చక్రానికీ డబ్బాలాంటి ఒక ఇనుప డ్రమ్ము, దాని లోపల ఒక క్యాము ఉంటుంది. కడ్డీ లాగితే క్యాము తిరిగి, రెండు షూలను విడదీసి డ్రమ్ముకు అదుముతుంది. షూల మీద అతికిన లైనరు డ్రమ్మును పట్టుకుంటుంది. ఇంతే సంగతి. చూస్తే చంటిపిల్లాడికైనా అర్థమవుతుంది. కానీ ఒకచోట కొంచెం వదులైతే ఆ వదులు ఇంకోచోట కలిసి, చివరికి తొక్కిన తొక్కుడంతా దారిలోనే ఖర్చైపోతుంది.

ముందు కిందికి దూరి కడ్డీలు చూశాను. ప్రతి కీలు దగ్గరా పిన్ను అరిగి, గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. ఎవడో మహానుభావుడు ఆ వదులు పోగొట్టడానికి కడ్డీలను బిగించి పొట్టి చేసి పెట్టాడు. అది తప్పు. అట్లా చేస్తే క్యాము ముందే సగం తిరిగిపోయి ఉంటుంది, తొక్కినప్పుడు తిరగడానికి మిగిలేది తక్కువ. కడ్డీ పొడుగు దాని లెక్కన ఉండాలి, బిగింపు చక్రం దగ్గర చెయ్యాలి. కింద పడుకుని ఆ మహానుభావుణ్ని నాలుగు తిట్లు తిట్టాను.

"అది బిగించింది మీ నాయనే," అన్నాడు చిన్నాయన గడప మీంచి.

ఐదో తిట్టు మింగేసి పిన్నులు విప్పడం మొదలుపెట్టాను.

తర్వాత డ్రమ్ములు. వెనక ఎడమది ముందు పట్టుకున్నాను. రాదే! కిరసనాయిలు పోసి నానబెట్టి, చెక్క సుత్తితో చుట్టూ తట్టి తట్టి, మరుసటి రోజు మధ్యాహ్నానికి ఊడబెరికాను. ఊడగానే గుప్పుమని వాసన కొట్టింది. లారీ డ్రమ్ములు విప్పితే కాలిన లైనరు వాసన వస్తుంది, చెడిపోయిన గ్రీజు వాసన వస్తుంది. ఇది అది కాదు. ఇది వంటింటి వాసన. మాడిపోయిన పోపు వాసన.

లోపల చూస్తే షూలు, స్ప్రింగులు, క్యాము అన్నింటినీ ముదురు పాకంలాంటి జిగురు కమ్ముకుని ఉంది. లైనర్లు నల్లగా నిగనిగలాడుతున్నాయి. వేలితో గీరి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. అనుమానం లేదు. వేరుశనగ నూనె.

"చిన్నాయనా, దీంట్లో నూనె ఎవరు పోసింది?"

"నేనే," అన్నాడు, నేను అడగడమే వింత అన్నట్టు. "ఉగాదికి ఇంట్ల అందరమూ తలకు నూనె పెట్టుకుంటాము కదా. ఎద్దులకు కొమ్ములకు పూస్తాము. ఇది మనకు అన్నం పెట్టే బండి, దానికొద్దా? డ్రమ్ముకు సందు ఉండాది, దాంట్ల ఒక గిద్దెడు పోస్తా. మన చెనిక్కాయలు గానుగ ఆడించిన నూనెనే. అంగడి నూనె ఎప్పుడూ పొయ్యలేదు."

"ఈ ఒక్క చక్రానికేనా?"

"నాలిగిటికీ. ఒగదానికి పోసి ఇంగొగదానికి పొయ్యకుంటే అదేం న్యాయమప్పా?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ క్షణంలో నాకు వచ్చింది రెండూ కాదు, కోపం. "నీ నూనె పాడుగాను! బ్రేకుకు నూనె పోస్తారా ఎవరన్నా? జారకుండా ఉండాల్సిన చోట జారేది పోస్తివే! ఇది పట్టకుండా పోయింది నీ నూనె వల్లనే!" అని కొట్టం అదిరేలా అరిచాను.

చిన్నాయన డ్రమ్ము వైపు చూస్తూ కూర్చున్నాడు.

"అంటే, ఇది మొదట్ల పడతా ఉండె కదా?"

"పడతానే ఉండెను. నేను చిన్నప్పుడు చూసినా. నాయన తొక్కితే నిలబడతా ఉండె."

"అట్లయితే ఇన్నేండ్లు నేను కట్టె పెట్టింది నేను పోసిన నూనెకేనా?"

నేను జవాబు చెప్పేలోపే లేచాడు. కట్టె తీసుకుని, గోడ పట్టుకుంటూ వెళ్లిపోయాడు. పిలవాలనిపించింది. అరవడానికి లేచిన నోరు పిలవడానికి లేవలేదు. మరుసటి రోజు ఆయన రాలేదు, ఆ మరుసటి రోజూ రాలేదు. నాకు చాలా బాధ వేసింది. ఆయన చేసింది తప్పే, అందులో సందేహం లేదు. కానీ ఇంట్లో మనిషికి పోసినట్టు పోశాడు పాపం. దానికి నేను దొంగను పట్టుకున్నట్టు అరిచాను.

పని మాత్రం ఆపలేదు. నూనె తాగిన లైనరును ఎంత కడిగినా లాభం లేదు. చల్లగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది, వేడెక్కితే లోపలి నూనె మళ్లీ పైకి ఊరుతుంది. పాత లైనర్లన్నీ తీసేశాను. వాటి పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, నోటితో ఊదకూడదు, తడిగుడ్డతో తుడిచి పారెయ్యాలి. మేము కుర్రతనంలో ఉఫ్ ఉఫ్ అని ఊదినవాళ్లమే, తర్వాత తెలిసింది. షూలను, డ్రమ్ములను గోనెసంచిలో వేసుకుని బస్సెక్కి అనంతపురం పోయాను.

అక్కడ లేతు షాపు భాయ్ నా పాత స్నేహితుడు. డ్రమ్ము చేతిలోకి తీసుకుని వాసన చూసి నా మొహం చూశాడు.

"ఏమన్నా, ఇది కారు డ్రమ్మా, మిరపకాయ బజ్జీలు కాల్చే బాండ్లీనా?"

సంగతి చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి, "పెద్దాయన బలే మనిషి. ఆయన్ని ఏమనొద్దన్నా," అన్నాడు. అప్పటికే అనేశానని భాయ్‌కు చెప్పలేదు.

డ్రమ్ముల లోపల లైనరు రాసుకున్న మేర గాడి పడి, అంచున గట్టు కట్టి ఉంది. భాయ్ లేతు మీద పెట్టి గట్టు పోయి గోడ నున్నగా వచ్చేదాకా సన్నగా కోశాడు. ఎక్కువ కోస్తే డ్రమ్ము పలచబడి వేడికి పగులుతుంది. నేను పక్కన నిలబడి "చాలు భాయ్, చాలు" అంటూనే ఉన్నాను. "నీకు లేతు నేర్పించింది ఎవరన్నా?" అని విసుక్కున్నాడు. చుట్టగా వచ్చే లైనరు కొని షూల కొలతకు కోసుకున్నాను. దాన్ని బిగించడానికి రాగి రివెట్లే కావాలి. నడుమ నుంచి మొదలుపెట్టి అంచుల వైపు కొట్టుకుంటూ పోవాలి. అంచుల నుంచి మొదలుపెడితే నడుమ ఉబ్బుతుంది, ఉబ్బితే పట్టు ఉండదు. రివెట్టు తల లైనరు లోపలికి దిగి ఉండాలి, లేకుంటే డ్రమ్మును గీకుతుంది. కోడిగుడ్లయిన రంధ్రాలను వెల్డింగుతో నింపించి మళ్లీ గుండ్రంగా తొలిపించాను. పిన్నులూ స్ప్రింగులూ కొత్తవి వేశాను.

ఊరికి తెచ్చి అన్నీ బిగించాక అసలు పని మొదలైంది. నాలుగు చక్రాలూ ఒకేలా పట్టాలి. ఒకటి ముందు పట్టి ఒకటి తర్వాత పడితే బండి పక్కకు గుంజుతుంది. దానికి పెడలును కొంచెం నొక్కిపెట్టి ఉంచి, ఒక్కో చక్రాన్ని చేత్తో తిప్పి ఎంత బిగువుగా ఉందో చూడాలి. పెడలు నొక్కిపెట్టడానికి సీటుకూ దానికీ నడుమ ఏదైనా అడ్డం పెట్టాలి. నేను జాకీ రాడ్డు పెట్టాను, జారింది. ఇటుకలు పెట్టాను, పడ్డాయి. పళ్లు కొరుకుతూ తిట్టుకుంటున్నాను.

"ఇది పెట్టు," అని వెనక నుంచి గొంతు.

చిన్నాయన. ఎప్పుడు వచ్చాడో. చేతిలోని తుమ్మ కట్టె నా వైపు చాపాడు. దాని ఏటవాలు పక్క పెడలుకు సరిగ్గా ఆనింది. పొడుగు చాలక వెనక ఒక ఇటుక పెట్టాల్సి వచ్చింది. నేను చక్రాలు తిప్పాను, బిగించాను, వదులు చేశాను. ఆయన చూశాడు. అంతా అయ్యాక కట్టె తీసి ఇస్తే తీసుకుని, "పెండ్లికి నేను కట్టె పట్టుకుంటా. మాట మాటే," అన్నాడు. సరే అన్నాను. మళ్లీ అరిచే ధైర్యం లేదు నాకు.

వేరుశనగ పీకేసిన చేనులో, ఎర్రమట్టిలో పరీక్ష చేశాను. కొంచెం వేగంగా పోనిచ్చి ఒక్కసారిగా తొక్కాను. బండి నిలబడింది! దిగి చూస్తే కుడి వైపు ముందు చక్రం జారిన గీత మిగతా వాటికన్నా పొడుగుంది. అంటే అది ముందుగా పడుతోంది. దాన్ని కొంచెం వదులు చేసి మళ్లీ తొక్కాను. అట్లా సాయంత్రం దాకా చేను మీద గీతలు గీశాను. చివరకు నాలుగూ సమంగా వచ్చాయి. ఎన్నో లారీలకు బ్రేకులు చేశాను గానీ అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు. ఒంటరిగా చేనులో నిలబడి "శభాష్ రా" అని నాకు నేనే చెప్పుకున్నాను.

పెళ్లి రోజు గుడి ముందు కారు బంతిపూలతో నిండిపోయింది. టాపు మడిచేసి, వెనక ఎత్తు మీద పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునూ కూర్చోబెట్టాం. ముందు ఉరుములవాళ్లు ఉరుములనే పెద్ద పెద్ద డోళ్లు మెడకు తగిలించుకుని వాయిస్తున్నారు. చిన్నాయన కొత్త పంచె కట్టుకుని, పెట్టెలోంచి ఒక కొత్త తువ్వాల తీసి భుజాన వేసుకుని, వెనక ఎడమ చక్రం పక్కన తన చోట నిలబడ్డాడు. కట్టె కొత్తగా చెక్కినది. తాడు కూడా కొత్తదే.

పల్లం మొదలైంది. మొదటి ఇంటి ముందు హారతి పళ్లెంతో ఆడవాళ్లు దారికి అడ్డం వచ్చారు. నేను "ఊఁ" అనలేదు. పెడలు తొక్కాను. కారు నిలబడింది. తల తిప్పి చూస్తే చిన్నాయన అప్పటికే వంగి ఉన్నాడు. మోకాలు వణుకుతోంది, చెయ్యి చక్రం ముందు ఉంది.

"చిన్నాయనా, లెయ్యి! నిలబడింది చూడు!"

ఆయన లేవలేదు. కట్టె పెట్టి చక్రం కోసం చూస్తున్నాడు. చక్రానికీ కట్టెకూ నడుమ వేళ్లు పట్టేంత సందు ఉంది. అది వచ్చి కట్టెను తాకుతుందని చూస్తున్నాడు. అది రాలేదు. చాలాసేపు అట్లాగే చూసి, కట్టె తీసుకుని, మడ్డుగార్డు పట్టుకుని మెల్లగా లేచి నా తలుపు దగ్గరికి వచ్చాడు.

"ఇంగ నేనేం చేయల్లరా?"

కోపంగా అడగలేదు. నిజంగానే తెలియక అడిగాడు. నేను పెడలు మీది కాలు ఇంకా గట్టిగా అదిమాను.

వెనక నుంచి పెళ్లికూతురు అంది. "తాతా, నా ముందర నడువు. పొద్దున్నుంచి నువ్వు నా పక్క చూడనే లేదు."

చిన్నాయన ఆ పిల్ల వైపు తల ఎత్తాడు. "చూడలేదు కదమ్మా," అన్నాడు. "ఎంతమంది పెండ్లికూతుర్లను దించినానో. ఒగరి మొగమన్నా చూడలేదు. చక్రమే చూసినా."

కట్టె అక్కడే దారి పక్కన వదిలేశాడు. చేతులు ఊపుకుంటూ కారు ముందుకు పోయి, ఉరుములవాళ్లకూ కారుకూ నడుమ, నడి పల్లంలో ఇటు తిరిగి నిలబడ్డాడు. ఆయన ఆడతాడేమోనని ఉరుములవాళ్లు చుట్టూ చేరి ఇంకా గట్టిగా వాయించారు. ఆయన ఆడలేదు. మనవరాలిని చూస్తూ ఉండిపోయాడు. "ముందర జరుగు తాతా, బండి వస్తాది" అని ఎవరో అరిచారు. ఆయనకు వినపడలేదు. చక్రం వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

కారు, పూలు, పెళ్లికొడుకు, పెళ్లికూతురు, అంత బరువూ నా కుడి కాలి మీద ఉంది. దాని ఎదురుగా మా చిన్నాయన వట్టి చేతులతో నిలబడి ఉన్నాడు. ఆయన తనివితీరా చూసుకుని పక్కకు జరిగేదాకా నేను కాలు తియ్యలేదు.